సన్నాయి సంచి

తమ్ముడూ, మా అబ్బాయి నాగుల్‌మీరా టీవీలో కనపడబోతున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం సన్నాయి పాట వేస్తారు, ఊదేది వాడే. సంతోషం పట్టలేక తెల్లారగానే పోయి ఈ కార్డు కొనుక్కొచ్చాను.

ముందు నరసరావుపేటలో పాటను టేపులోకి పట్టారు. అబ్బాయి నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగుసార్లూ దమ్ము చాలక ఆగిపోయాడు. ఆఖరికి నేనే ఊదాను. ఒక్క విడతలో అయిపోయింది.

మర్నాడు ఎత్తిపోతల జలపాతం దగ్గర బొమ్మ తీశారు. పాట పట్టినవాళ్లు వేరు, బొమ్మ తీసేవాళ్లు వేరు. టేపు మోగుతుంటే వీడు బుగ్గలు పొంగించి వేళ్లు ఆడించాలి, అంతే. పట్టు చొక్కాలో పెళ్లికొడుకులా ఉన్నాడనుకో.

కెమెరా ఆయన చానా మెచ్చుకున్నాడు.

“ఏమయ్యా, ఇంత ఊపిరి ఎక్కడిది నీకు?”

“చిన్నప్పటి నుంచి సాధనండీ.”

“మరి ఆ పెద్దాయనెవరు?”

వాడు నా వైపు చూడలేదు. “మా సన్నాయి సంచి మోస్తాడండీ” అన్నాడు.

నలభై ఏళ్లు సన్నాయి ఊదినవాణ్ని నేను. సంచి తీసి భుజానికి తగిలించుకున్నాను.

సరే, నువ్వు అందరికీ చెప్పు. రొంపిచెర్ల బావకు, గురజాల చిన్నమ్మకు, మాచర్లలో మీ వియ్యంకుడికి, పిల్లాడు పుట్టినప్పుడు బెల్లం పంచిన సత్తెనపల్లి అత్తకు, ఎవరినీ మరవొద్దు.

బెల్లంకొండ పెద్దక్కకు మాత్రం చెప్పొద్దు. ఆమెకు చూపు లేదు, టీవీలో వీడు కనపడడు. ఆమెకు వినపడేది నేనే.