బాక్స్ ఐటమ్

"కాస్త జరుగుతారా? ఫోను చార్జింగ్ పెట్టుకోవాలి."

జిమ్‌లో సైకిలు మీద కూర్చున్న పెద్దాయన జరగలేదు. చెవి దగ్గర ఫోను అలాగే ఉంచుకుని, వైరు ఇలా ఇమ్మని చెయ్యి చాచాడు.

"మోకాలు నొప్పైతే నడవమని ఎవరన్నారు? ఊరికే వచ్చి కూర్చుని వెళ్లు. రేపు రాకపోతే మళ్లీ చేస్తా" అని ఫోన్లో ఎవరినో దబాయిస్తూనే పక్కనున్న ప్లగ్గులో వైరు గుచ్చాడు.

పోనీ సైకిలు తొక్కుతున్నాడా అంటే అదీ లేదు. పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మేనేజరుకి మామగారో, ఇంకెవరో. ఎవరైతేనేం, విలేఖరికి ఒళ్లు మండింది.

అసలే ఆమె కాలుగాలిన పిల్లిలా ఉంది. ఆమె పనిచేసేది జిమ్‌లు నడిపేవాళ్ల కోసం వచ్చే మాసపత్రికలో. ఎక్కడైనా జనానికి జిమ్ మూడునాళ్ల ముచ్చటే. ఈ పాత జిమ్‌లో మాత్రం చేరినవాళ్లు మానరట. ఎందుకో కనిపెట్టి రాయాలి. సాయంత్రానికి కథనం అందకపోతే ఆమె శీర్షిక ఎత్తేస్తానని ఎడిటరు మొహం మీదే చెప్పాడు. ఇక్కడేమో "ఇప్పుడే వస్తా" అని వెళ్లిన మేనేజరు అజాపజా లేడు.

"ఏం రాస్తుంటావమ్మా?" పెద్దాయన ఫోను పెట్టేసి ఈమె వైపు తిరిగాడు.

"జిమ్‌లు ఎలా నడపాలో."

"నువ్వెప్పుడైనా నడిపావా?"

"లేదు."

"పోనీ, వెళ్తావా?"

"టైముండదు."

ఆయన నవ్వాపుకోలేక రెండు చుట్లు తొక్కాడు.

"ఆ కాలు చూడు, ఎలా ఆడిస్తున్నావో. దానికేదో ఒక పని చెప్పాలి. నీ నంబరివ్వు, రేపు రాకపోతే ఫోన్ చేస్తా."

వదిలితే చాలని ఇచ్చేసింది. ఇచ్చి ఊరుకోలేక చురక వేసింది. "మీరు రాని రోజు మీకెవరు చేస్తారు?"

"అందుకే నేను మాననమ్మా" అన్నాడాయన, ఇంకో నంబరు నొక్కుతూ.

ఎట్టకేలకు మేనేజరు వచ్చాడు.

"అంతా మా యాప్ మహిమండీ. నీళ్లు తాగమని, మెట్లెక్కమని రోజూ అందరికీ మెసేజ్‌లు వెళ్తాయి."

"మీకూ వస్తాయా? చదువుతారా?"

"నాకెక్కడ తీరికండీ."

ఆ మాట దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. ఆగడానికి టైమేది? యాప్ గొప్పతనమంతా జిమ్ మెట్ల మీద కూర్చునే టైపు చేసి పంపేసింది.

వెంటనే ఎడిటరు ఫోన్.

"బాక్స్ ఐటమ్ ఏదీ? పేజీలో గడి కట్టి వేసే చిట్కాల జాగా ఖాళీగా ఉంది. మనవాళ్లు చదివి చచ్చేదే అది. త్వరగా."

ఆమె తలెత్తింది. జిమ్ అద్దాల తలుపులోంచి పెద్దాయన కనిపించాడు. ఇంకా ఆ సైకిలు మీదే, ఇంకా ఫోన్లోనే.

'కసరత్తు చేయకుండా యంత్రాల మీద తిష్ఠ వేసేవారిని లేపడం ఎలా?' అని మొదలుపెట్టింది. కచ్చంతా కలిసొచ్చి చకచకా సాగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. "అమ్మాయ్, ఇవాళ వస్తున్నావా?"

మాట్లాడకుండా పెట్టేసి, ఆ నంబరు బ్లాక్ చేసింది.

ఆ సంచికకి మంచి పేరొచ్చింది. శీర్షిక నిలబడింది. జిమ్ మేనేజరు కూడా ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ బాక్స్ ఐటమ్ కత్తిరించి గోడకి అంటించాను. ఆ పెద్దాయనకీ మర్యాదగానే చూపించాను. పాపం, చదువుకుని, టవల్ మడత పెట్టుకుని వెళ్లిపోయారు."

ఆమెకి మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. తర్వాతి సంచిక హడావిడిలో అదీ మర్చిపోయింది.

ఏడాది తిరక్కుండానే ఎడిటరు మళ్లీ పిలిచాడు.

"ఎవరూ మానని జిమ్ అని రాశావు. అక్కడిప్పుడు ఈగలు తోలుకుంటున్నారట. కారణం కనుక్కునిరా. ఈసారి తేడా వస్తే నీ శీర్షికనే కాదు, నిన్నూ కాపాడలేను."

పరుగున వెళ్లింది. సైకిలు ఖాళీగా ఉంది. ఆ మాటకొస్తే అన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"అదే యాపండీ, అవే మెసేజ్‌లు. జనానికి ఏం పుట్టిందో మరి" అన్నాడు మేనేజరు దిగాలుగా.

మానేసిన ఒక దర్జీ ఆవిడ నంబరు తీసుకుని ఫోన్ చేసి, జిమ్ నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది.

"ఎందుకు మానేశారండీ?"

"మానాలని మానలేదమ్మా. ఒకరోజు రాలేకపోయాను. మర్నాడు బద్ధకించాను. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఇదివరకైతేనా, మీ పెద్దాయన పొద్దున్నే ఫోన్ చేసి ప్రాణం తీసేవాడు. అందరికీ అంతే. అలాంటి ఉద్యోగినే పంపించేశారంటే, ఇంక మేం మీకో లెక్కా అనిపించింది."

విలేఖరి ఆ సైకిలు మీదే కూలబడింది. ఆడిస్తున్న కాలు ఆగిపోయింది.

బ్లాక్ చేసిన నంబరు వెతికి, బ్లాక్ తీసి, ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదట.

"ఆ పెద్దాయన ఎక్కడుంటారు?"

"తెలీదండీ" అన్నాడు మేనేజరు.

"రావడం మానేశాక ఒక్కసారైనా ఫోన్ చేశారా?"

"యాప్‌లోంచి మెసేజ్ వెళ్లే ఉంటుంది."

ఆమెకి దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. తన మీద రావాల్సింది కూడా అతని మీదకే వచ్చింది.

"నేనేదో జాగా నింపడానికి రాస్తే, అంత పనిచేసే ఉద్యోగిని తీసేస్తారా? ఆయన జీతం మీకంత బరువైందా?"

మేనేజరు ఆమెని వింతగా చూశాడు.

"జీతమేమిటండీ? ఆయనా అందరిలాగే నెలనెలా ఫీజు కట్టి వచ్చేవారు."