ఏడో కుర్చీ

మోసానికి అంతా సిద్ధంగా ఉంది, ఒక్క మనిషి తప్ప.

హాల్లో ఏడు బల్లలు, ఏడు కంప్యూటర్లు. ఆరింటి ముందు నాటక సమాజం వాళ్ళు ఉద్యోగుల వేషాల్లో కూర్చుని, తెర మీద ఏమీ లేకపోయినా టకటకా టైపు చేస్తున్నారు. ఒకావిడ మధ్యమధ్యలో నుదురు రుద్దుకుంటూ నిట్టూరుస్తోంది కూడా. అసలు ఉద్యోగులున్న రోజుల్లో ఇక్కడ ఇంత పని ఎప్పుడూ జరగలేదని కంపెనీ యజమానికి అనిపించింది.

“ఏడో ఆయన ఎక్కడండీ?” అని సమాజం పెద్దను అడిగాడు.

“కొత్తవాడు సార్. ఫోన్లోనే కుదుర్చుకున్నాం, మేమెవరమూ ఇంకా చూడలేదు. తిన్నగా ఇక్కడికే వస్తాడు. మీరలా కంగారు పడితే మావాళ్ళకి నవ్వొస్తుంది, కాస్త తమాయించుకోండి.”

యజమాని తమాయించుకోలేకపోయాడు. ఇవాళ వచ్చేది పెట్టుబడి పెట్టే పెద్దమనిషి. ఆయన ముఖం కూడా తను ఎరగడు. కుదిర్చింది భార్య అన్నగారు. ఆయనకు టైల్స్ కొట్టు ఉంది. “ఇదే ఆఖరు బావగారూ! ఇదీ తప్పితే వచ్చి నా కొట్లో బిల్లులు రాసుకుందురుగాని” అని నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వే యజమానికి నిద్ర పట్టనివ్వడం లేదు.

గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. నలిగిన చొక్కా, చంకలో గొడుగు.

“ఇదేనా అండీ...”

“ఇదే, ఇదే! ఏమయ్యా, ఇదా రావడం? అదిగో, ఆ కుర్చీ నీది. గొడుగు బల్ల కింద పెట్టు.”

ఆయన ఏదో చెప్పబోయాడు. అప్పటికే యజమాని ఆయన తలకు హెడ్‌ఫోన్ తగిలించేశాడు. ఆయన నోరు మూసుకుని, చుట్టూ ఒకసారి కుతూహలంగా చూసి, కూర్చున్నాడు.

“నేనేం చెయ్యాలి?”

“కస్టమర్‌తో మాట్లాడుతున్నట్టు నటించు. అటువైపు ఎవరూ ఉండరు.”

“నిజం కస్టమర్లు లేరా?”

“ఉంటే నీతో నాకేం పనయ్యా?”

నటుడితో మాట్లాడటంలో ఒక సుఖం ఉంది. కాసేపట్లో వెళ్ళిపోతాడు; మనం చెప్పిన నిజాన్ని కూడా వేషంతో పాటే విప్పేసి పోతాడు. భార్యతో కూడా చెప్పుకోనిది యజమాని ఆ కుర్చీ పక్కన నిలబడి చెప్పేశాడు.

“ఇదివరకు ఒకాయన డబ్బు పెడతానని చేతిలో చెయ్యి వేశాడు. ఆ మాట మీద ఈ హాలు తీసుకున్నా, జనాన్ని తీసుకున్నా. వచ్చే వారం అన్నాడు. మళ్ళీ వచ్చే వారం అన్నాడు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు. మావాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆఖరున వెళ్ళిన అమ్మాయి ఆ కుండీలో మొక్కకి నీళ్ళు పోసి మరీ వెళ్ళింది.”

“డబ్బు చేతికొచ్చాక తీసుకోవలసింది కదండీ ఇవన్నీ?”

“డబ్బున్నట్టు కనిపిస్తేనే కదయ్యా డబ్బొచ్చేది! నీకివన్నీ తెలీవులే.”

“అంతేనండి,” అన్నాడు ఆయన వినయంగా. బల్ల మీదున్న చిన్న పెట్టెను అందుకున్నాడు. “ఇదేంటండీ?”

“మేం తయారుచేసిందే. గోడకి ఆనిస్తే లోపల పైపు ఎక్కడ కారుతోందో చెబుతుంది.”

ఆయన లేచి, పెట్టెను గోడకు ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. కిటికీ పక్కకు రాగానే అది కీచుమంది. అక్కడ అరచెయ్యి పెట్టి చూశాడు. గోడ చెమ్మగా ఉంది. ఆయన ముఖం వెలిగింది.

“ఇది నిజంగా పనిచేస్తోందండీ!”

“చేస్తుందిలేవయ్యా. ముందు నువ్వొచ్చి కూర్చో.”

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. నీలం కోటు, గంభీరమైన బొజ్జ. డబ్బుకు ముఖమంటూ ఉంటే అది ఎలా ఉంటుందో యజమాని చాలాకాలంగా ఊహించుకుంటున్నాడు. ఇప్పుడది గుమ్మంలో నిలబడి ఆయాసపడుతోంది.

“రండి సార్, రండి! మీకోసమే చూస్తున్నాం.”

“ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి,” అన్నాడు కోటాయన.

“అయ్యో, మీరెప్పుడొస్తే అదే టైము సార్!”

కోటాయన ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత భుజాలు విరుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య నడిచాడు. ఊఁ అన్నాడు. భేష్ అన్నాడు. నిట్టూర్చే ఆవిడ దగ్గర ఆగి, “మరీ ఇంత కష్టపడితే ఎలాగమ్మా?” అన్నాడు. ఆవిడకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

నలిగిన చొక్కా ఆయన ఏడో కుర్చీలోంచి చెయ్యెత్తాడు. “ఆయనకి ఆ పెట్టె చూపించరా అండీ?”

యజమాని కళ్ళతోనే ఆయన నోరు మూయించాడు. పెట్టెదేముంది? డబ్బున్నవాళ్ళు చూసేది సందడిని.

“డబ్బు సంగతి నాకొదిలేయండి,” అన్నాడు కోటాయన వెళ్తూ వెళ్తూ, హాలంతా వినపడేలా. “మీ వెనక నేనున్నాను.” చేతిలో చెయ్యి వేసి మరీ మెట్లు దిగాడు.

యజమాని గాల్లో తేలిపోయాడు. నాటకం వాళ్ళకు దండం పెట్టి, వ్యాన్ ఎక్కించి వచ్చేసరికి ఏడో ఆయన ఇంకా ఉన్నాడు. హెడ్‌ఫోన్ తీగ పద్ధతిగా చుట్టి పెట్టాడు. పెట్టెను ఒకసారి తడిమి, గొడుగు అందుకున్నాడు.

“నువ్వు వ్యాన్ ఎక్కలేదేమయ్యా?”

“నేను వేరే వెళ్తానండీ. వచ్చిన పని అయిపోయింది. పెట్టె మాత్రం చాలా బాగుంది,” అని కాస్త జాలిగా నవ్వి వెళ్ళిపోయాడు.

వింత మనిషి అనుకున్నాడు యజమాని. ‘మీ కొట్లో ఆ బిల్లులు రాసే కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోండి బావగారూ’ అన్న మాటను ఏ గొంతుతో చెబితే బాగుంటుందో రెండుమూడు రకాలుగా అని చూసుకుంటూ ఫోన్ తీశాడు.

మెట్ల మీద మళ్ళీ బూట్ల చప్పుడు. కోటు విప్పి చేతి మీద వేసుకుని, కోటాయన తొంగిచూశాడు.

“టీ తాగొచ్చేలోపే మా నాటకం వాళ్ళు వెళ్ళిపోయారా సార్? ఆలస్యంగా వచ్చానని తిడతారేమో అనుకుంటే, నాకు ఏకంగా అంత పెద్ద వేషం ఇచ్చేశారు!”