లోతు వైపు

"ఆంటీ, ఇక చాలు! బయటికి రా!"

చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డు మీంచి కెరీషా అరిచిన అరుపుకి, నీళ్ళలో ఉన్న టోపీలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. పొద్దున్న ఆరింటికి ఆ తీరంలో కనిపించేవి టోపీలే. టోపీ కింద ఒక ముసలి తల, తల కింద సముద్రం. రిటైరైన వాళ్ళంతా రోజూ అలా పీకల్లోతు నీళ్ళలో నిలబడి, ప్రభుత్వాన్ని దించేసి, క్రికెట్ జట్టుని మార్చేసి, ఏడింటికల్లా ఇళ్ళకి పోతారు. పెన్షనర్లకి బస్సులో టికెట్ లేదు, సముద్రానికి ఎవరికీ లేదు. బార్బడోస్‌లో ఇంతకన్నా చవకైన సుఖం ఇంకోటి లేదని వాళ్ళ నమ్మకం.

"అరవకే, చేపలు బెదురుతాయి" అంది కార్మెటా మేనకోడలితో, ఉన్న చోటి నుంచి కదలకుండా.

"హోటల్ వాళ్ళ ఈత కొలనులో నీ పేరు రాయించాను. నెలకి నూట యాభై డాలర్లు. అడుగు కనిపించే నీళ్ళు, గట్టు మీద ఈల పట్టుకుని కాపలావాడు. రేపట్నించి నువ్వు అక్కడికే."

"చుట్టూ సముద్రాన్ని పెట్టుకుని గుంటలో నీళ్ళకి డబ్బు కట్టావా? నీకేమన్నా మతి పోయిందా? ఇక్కడ స్నానం ఫ్రీ, కబుర్లు ఫ్రీ, బన్నులో రెండు చేప బజ్జీలకి చిల్లర చాలు. అక్కడ నాతో మాట్లాడేదెవరు, ఆ ఈలా?"

టోపీలు ఘొల్లున నవ్వాయి. కార్మెటా పక్కనున్న ఎల్రిక్ మాత్రం నవ్వలేదు. అతను 'రేపట్నించి' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. కార్మెటా లేకపోతే అతనికి ఆ సముద్రం వట్టి ఉప్పునీళ్ళు. ఆరేళ్ళుగా పక్కపక్కనే నిలబడుతున్నా ఆ సంగతి ఆమెతో ఒక్కసారీ అనలేదు.

"నిన్న పక్క తీరంలో ఒకావిడని అల లాక్కుపోయింది, విన్నావా?" కెరీషా వదల్లేదు. "ఆయుష్షు గట్టిది కాబట్టి ఎవరో పట్టుకున్నారు. నీకు డెబ్బై రెండు, పైగా నీకసలు..."

"నోరు ముయ్! నా వయసు టముకెయ్యడానికి వచ్చావా? నాకేం భయం? పక్కన ఎల్రిక్ లేడూ? నలభై ఏళ్ళు చేపల పడవ మీద బతికిన మనిషి!"

కెరీషా ఎల్రిక్ వైపు తిరిగింది.

"సరే, మిస్టర్ ఎల్రిక్, మీరే చెప్పండి. ఆంటీని అల లాగేస్తే ఈదుకుంటూ వెళ్ళి తీసుకొస్తారా? మీరు మాటివ్వండి చాలు. కట్టిన డబ్బు పోతే పోయింది, మళ్ళీ ఈ ఊసెత్తను."

అందరూ ఎల్రిక్ వైపు చూశారు. పొద్దున్నపూట ఆ నీళ్ళ మీద గుసగుసలాడినా ఒడ్డుకి వినిపిస్తుంది. 'అలాగే' అంటే చాలు, కార్మెటా రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అతను ఆమె వైపు చూశాడు. ఎప్పటిలాగే అతనికన్నా ఒక అడుగు లోపలికే నిలబడి ఉంది. "ఇటు రా, ఒడ్డు వైపుకి రా" అని వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. వినేది కాదు. చేపపిల్లలా ఈదే మనిషి కాబట్టే అంత మొండితనం అనుకుని ఊరుకునేవాడు. సముద్రానికి దొడ్డిగుమ్మం లేదంటారు అక్కడి జాలర్లు, లోపలికి పోతే బయటపడే దారుండదని. నిజంగా అల వస్తే ముందు పోయేది ఆమే. తను చెయ్యగలిగింది అరవడం ఒక్కటే.

"ఇవ్వలేనమ్మా" అన్నాడు. "నాకు ఈత రాదు."

"పడవ నడిపిన వాడివి, ఈత రాదా!" ఒక టోపీ నోరెళ్ళబెట్టింది.

"పడవలోంచి పడకుండా ఉండటం నేర్చుకున్నా. పడితే ఏం చెయ్యాలో నేర్చుకోలేదు. మా వాళ్ళలో సగం మంది అంతే." అతను కెరీషా వైపు తిరిగాడు. "మీ ఆంటీకి చెప్తే పక్కన నిలబడనివ్వదేమోనని దాచాను. తప్పే. తీసుకెళ్ళమ్మా. ఆ ఈలవాడి దగ్గరైతే క్షేమంగా ఉంటుంది."

చివరి మాట అనేసి తలదించుకున్నాడు.

"విన్నావుగా ఆంటీ? ఇక పద."

కార్మెటా కదల్లేదు. నీళ్ళ కింద తడుముకుని ఎల్రిక్ చెయ్యి పట్టుకుంది.

"ఈ ముక్క చెప్పడానికి ఆరేళ్ళు పట్టిందా నీకు? నాకు మొదటిరోజే తెలిసిపోయింది. పిల్ల అల ఒకటొస్తే కళ్ళు గట్టిగా మూసేసుకున్నావు. లేకపోతే రోజూ నీకన్నా ఒక అడుగు లోపలికి ఎందుకు నించుంటున్నాననుకున్నావయ్యా? నువ్వు జారితే పట్టుకుందామని."

 ఇన్నాళ్ళూ తనే ఆమెకి కాపలా అనుకున్నాడు ఎల్రిక్. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ తడే.

కార్మెటా ఒడ్డు వైపు తిరిగి గట్టిగా అంది.

"నేనా గుంటకి పోతే ఈయనకి లోతు వైపు ఎవరు నించుంటారే? నేను రాను!"

కెరీషా చేతిలోని చెప్పులు నీళ్ళలో పడ్డాయి.

"ఆయన సంగతి సరే ఆంటీ, నీకు మాత్రం ఈత ఎక్కడొచ్చు?"