వదులైన మాస్కు

"మాస్కు వదులైందమ్మా. ఇవాళ రేడియేషన్ ఇవ్వలేను," అంటూ టెక్నీషియన్ పెద్దాయన్ని వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు.

అతని చేతిలో ఉన్నది పెద్దాయన ముఖానికీ మెడకీ అచ్చు తీసి చేసిన ప్లాస్టిక్ మాస్కు. మెడలోని క్యాన్సర్ గడ్డకి రేడియేషన్ ఇచ్చేటప్పుడు, తల కదలకుండా దాన్ని తొడిగి బల్లకి బిగిస్తారు.

"వదులెందుకవుతుంది? మొన్నటిదాకా ఊపిరాడటం లేదని గోల పెట్టారుగా ఈయన!" అంది భార్య.

"మనిషి చిక్కిపోతే అంతేనమ్మా. ఇంట్లో సరిగ్గా తినడం లేదేమో."

ఆమె మొహం మాడిపోయింది. బరువు తగ్గితే వైద్యం మధ్యలో ఆపాల్సి వస్తుందని డాక్టరమ్మ మొదటిరోజే హెచ్చరించింది.

పక్కన కూర్చున్న ఆడపడుచుకి సందు దొరికింది. "నేను మొత్తుకుంటూనే ఉన్నా వదినా. జావ జావ అంటూ నీళ్లు పోశావు. అన్నయ్యని మా ఇంటికి పంపమంటే విన్నావా?"

"నీళ్లా? గిన్నె పట్టుకుని వెనకాలే తిరిగాను. మింగనంటే బతిమాలాను. బతిమాలినా వినకపోతే తిట్టి తాగించాను. కావాలంటే మీ అన్నయ్యనే అడుగు!"

గొంతు పుండై పెద్దాయనకి మాట పెగలడం లేదు. తిట్లు మాత్రం నిజమేనన్నట్టు గట్టిగా తలూపాడు.

ఈ గొడవ విని డాక్టరమ్మ గదిలోంచి వచ్చింది. ఏ గడ్డ రేడియేషన్‌కి ఎంతవరకు లొంగుతుందో పరిశోధన చేస్తోందావిడ. అందుకు ఒప్పుకున్న రోగుల్లో పెద్దాయన ఒకరు.

"ముందు బరువు చూద్దాం రండి," అంది.

పెద్దాయన చెప్పులు విడిచి మిషనెక్కాడు. భార్య కళ్లు మూసుకుంది.

"తగ్గలేదే! పైగా అరకిలో పెరిగారు."

"జేబుల్లో ఏమున్నాయో చూడండి డాక్టరుగారూ," అంది ఆడపడుచు.

జేబుల్లో చేతిరుమాలు తప్ప ఏమీ లేదు.

"అయితే ఇది వేరేవాళ్ల మాస్కయ్యుంటుంది," అంది భార్య.

"లేదమ్మా, దీని మీద ఆయన పేరే ఉంది," అన్నాడు టెక్నీషియన్.

డాక్టరమ్మ పెద్దాయన్ని బల్ల మీద పడుకోబెట్టి మాస్కు తొడిగి చూసింది. కుడివైపు చర్మానికి అతుక్కునే ఉంది. ఎడమవైపు, చెవి కింద మాత్రం రెండు వేళ్లు దూరాయి. మాస్కు తీసేసి ఆ చోట మెల్లగా తడిమింది. నమ్మలేనట్టు మళ్లీ తడిమింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"మీ ఆయన చిక్కలేదమ్మా. చిక్కింది గడ్డ! స్కాన్ తీసి కొలుస్తాను గానీ, సగానికి సగం కరిగిందని చేతికే తెలుస్తోంది. కొత్త మాస్కు చేయిద్దాం."

భార్య తలెత్తి ఆడపడుచు వైపు తిరిగింది.

"విన్నావా? నేను తిండి పెట్టింది మీ అన్నయ్యకి. దానికి కాదు!"