పెదవుల మాట

“ఇన్సూరెన్స్ కాగితం సమ్మవ్వా, వేలిముద్ర ఎయ్యి,” మరమగ్గాల షెడ్డులో సాంచాల మోత నడుమ అరిచాడు సేఠ్ కొడుకు వైభవ్.

కండెలు చుడుతున్న సమ్మవ్వ ఆ ఇంగ్లీషు అక్షరాలను చూసింది. “ఇట్స్ ఆల్ గ్రీక్ టు మీ.”

వైభవ్ నవ్వాడు. “ఎవరు నేర్పిన్రు?”

“నా మనవరాలు నేహ. ఒక్క ముక్క సమజ్ కాకుంటే గట్లనాల్నట. ఏం రాసిన్రో చదివి చెప్పు.”

అతను తండ్రిని అడగడానికి అద్దాల గదిలోకి వెళ్లాడు. సమ్మవ్వ అద్దం వెనక కదిలే సేఠ్ పెదవులనే చూసింది. ముప్పై ఏళ్లుగా ఈ మోతలో కార్మికులంతా ఒకరి మాట ఒకరు పెదవులు చూసే వింటున్నారు.

వైభవ్ తిరిగొచ్చాడు. “ఇన్సూరెన్సే అవ్వా.”

“‘ఇష్టంతోనే పని మానుకుంటున్నదని రాసినం, ముసల్దానికేం తెలుస్తది’ అన్నడు గదా మీ నాయిన.”

సమ్మవ్వ సాంచాల దగ్గరి కార్మికుల వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సేఠ్ బయటికి ఉరికొచ్చాడు. “ఏం చెప్పినవే వాళ్లకు?”

“సమజ్ కాలేదా సేఠ్? కాకుంటే ఏమనాల్నో ఇందాకనే మీ కొడుక్కు నేర్పిన.”