నిన్నటిలాంటివి

సాయంత్రం టీ తాగాక, అందరి ఇళ్లలోలాగే ఆ ఇంట్లోనూ మొగుడూ పెళ్ళాం చెవి వెనక వైరు తగిలించుకుని కూర్చుంటారు. ఆ రోజు జ్ఞాపకాలు టీవీ కింద ఉన్న పెట్టెలోకి ఎక్కాలి. ఎక్కనిది మర్నాటికి గుర్తుండదు. మనుషుల బుర్రలు అలా అలవాటు పడిపోయాయి. ఇద్దరివీ ఎక్కేసరికి అన్నం చల్లారిపోయేది.

విసుగెత్తి కిరీటి మెకానిక్కును పిలిపించాడు. అతను పెట్టె వెనక ఏదో నొక్కాడు.

"నిన్నటిలాంటివి మళ్ళీ ఎక్కించదు సార్. కొత్తవే ఎక్కిస్తుంది. ఇంక స్పీడ్ చూస్కోండి."

ఆ సాయంత్రం కిరీటికి అరగంట పట్టింది. అతని భార్య హైమ వైరు తగిలించుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపే పచ్చలైటు వెలిగింది.

"చూశావా, నీది ఎంత ఫాస్టో," అన్నాడు కిరీటి సంబరంగా.

హైమ వైరు తీసేసి పప్పు నానబోసింది. తర్వాత రోజూ అంతే. ఆ వారంలో ఏ రోజూ ఆమెకు విడిగా గుర్తు లేదు.

ఒకరోజు కూరలకని బస్సెక్కి, దిగాల్సిన చోట దిగలేదు. చివరి స్టాపు దాకా వెళ్ళి, పేరు తెలియని వీధిలో బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తినొచ్చింది. గొప్పగా ఏమీ అనిపించలేదు. కారంగా ఉంది, అంతే.

ఆ సాయంత్రం జ్ఞాపకాలు ఎక్కుతున్నంతసేపూ వెలిగే ఎర్రలైటు చాలాసేపు ఆరలేదు. హైమ దాన్నే చూస్తూ కూర్చుంది.

"మళ్ళీ స్లో అయిందే. రేపు ఆ మెకానిక్కును రమ్మంటాను," అన్నాడు కిరీటి.

"అక్కర్లేదండీ," అంది హైమ. "రేపటికి సర్దుకుంటుంది."