కెరోలిన్ మొదటి నౌకరి

స్పోర్ట్స్ డిగ్రీ అయ్యాక కెరోలిన్‌కు హైదరాబాదులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో నౌకరి దొరికింది. కొత్త ఆటగాళ్ళను వెతకడం పని. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు.

మొదట సొంతూరు గోదావరిఖనికే వచ్చింది. దగ్గర్లోని సెంటినరీ కాలనీ గ్రౌండులో గోల్‌కీపర్ రుత్విక్ ఆట చూసి, మ్యాచ్ అయ్యేదాకా కదల్లేదు.

"ట్రయల్స్‌కు హైదరాబాద్ రా, తమ్మీ."

"బొగ్గుబాయిల డ్యూటీ ఉన్నదక్క. మా బాపు దిగిపోతే ఆయన నౌకరి నాకొచ్చింది. క్వార్టరు, దవాఖాన అన్నీ ఉన్నయి. అక్కడేముంటది?"

"మంచి గోల్‌కీపర్‌ను తీస్కపోకుంటే నన్ను తీసేస్తరు," అని కెరోలిన్ ఉన్నమాట చెప్పింది.

రుత్విక్ గ్లౌజులు విప్పి సంచిలో పెట్టాడు. "అట్లయితే నీ కోసం ఒక్కసారి వస్త."

లీవు పెట్టి వెళ్ళాడు. ట్రయల్స్‌లో ఒక్క బంతినీ లోపలికి పోనివ్వలేదు. క్లబ్బువాళ్ళు అక్కడికక్కడే మూడేళ్ళ కాంట్రాక్టు ముందు పెట్టారు. ఆ పచ్చటి గ్రౌండు చూశాక రుత్విక్‌కు డ్యూటీ గుర్తు రాలేదు. సంతకం చేశాకే ఇంటికి ఫోన్ చేశాడు.

సాయంత్రం ఊరికి బయల్దేరిన రుత్విక్‌కు బస్టాండులో కెరోలిన్ పెట్టెతో కనిపించింది.

"నువ్వు గూడ గోదావరిఖనికేనా అక్క? నీ నౌకరి పర్మనెంట్ అయిందా?"

"గోల్‌కీపర్ దొరికిండు గదా, ఇగ వెతికేటోళ్ళు ఎందుకన్నరు," అంది కెరోలిన్.